రొయ్యల బండికి ఫోమ్ ప్యానెళ్లు: స్ప్రే కాంటాక్ట్ గమ్ముతో అతికిస్తే నిలుస్తాయా?

జువ్వలదిన్నె_బండి
అందరికీ నమస్కారం. మా చిన్న గూడ్సు బండి వెనక ఐస్ బాక్స్ కట్టుకోవాలని మొదలుపెట్టాను. తెల్లారేసరికి రేవులో చేపలు, రొయ్యలు ఎత్తుకుని కావలి, అక్కడి నుంచి నెల్లూరు పోవాలి. ఇప్పటిదాకా థర్మోకోల్ పెట్టెల్లో వేసి పైన పట్టా కప్పుతున్నాం. ఎండలు ముదిరితే దారిలోనే ఐస్ నీళ్లయిపోతోంది. సరుకు మెత్తబడితే కొనేవాడు ధర సగం చేస్తాడు.

బాక్స్ పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు, ఎత్తు నాలుగు. గోడలో బయట 6 మి.మీ. మెరైన్ ప్లై, మధ్యలో 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీటు, లోపల 2 మి.మీ. ఎఫ్ఆర్‌పీ (గ్లాసు పోగులు కలిపిన ప్లాస్టిక్) షీటు. సామాను తెచ్చి పెట్టాను. గమ్ము దగ్గరే ఆగిపోయాను. ఒక షాపులో కంప్రెసర్ గన్నుతో కొట్టే కాంటాక్ట్ గమ్ము తీసుకో, ఒక్కరోజులో అయిపోతుంది అన్నారు. ఇంకొక షాపులో తెల్ల ఫెవికాల్ పూసి బరువు పెట్టమన్నారు. గమ్ము ఫోమ్‌ను కరిగిస్తుందా? కప్పు మీద ఎండకు ఊడుతుందా? గతుకుల రోడ్డుకు తట్టుకుంటుందా? చేసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_మేస్త్రీ (నెల్లూరు)
తమ్ముడూ, ఇలాంటి బాక్సులు మా దగ్గర కడుతూనే ఉంటాం. గోడలకు, కప్పుకు స్ప్రే గమ్ము పనికొస్తుంది. నేలకు, తలుపుకు మాత్రం వద్దు. ఎందుకో తర్వాత రాస్తాను.

తెల్ల ఫెవికాల్ మాట పూర్తిగా మరిచిపో. అందులో నీళ్లు బయటికి పోతేనే అది గట్టిపడుతుంది. నీ గోడలో ఒకవైపు ఎఫ్ఆర్‌పీ, ఒకవైపు ఎక్స్‌పీఎస్. రెండింటిలోనూ నీళ్లు ఇంకవు. నెల తర్వాత విప్పినా మధ్యలో పెరుగులా తడిగానే ఉంటుంది.

గమ్ము కొనేటప్పుడు రెండు అడుగు. ఒకటి, స్ప్రే గ్రేడా కాదా. బ్రష్‌తో పూసే గమ్ము చిక్కగా ఉంటుంది, గన్నులో పట్టదు. దాన్ని ఏదో థిన్నర్ పోసి పల్చన చేద్దామనుకోవద్దు. రెండు, డబ్బా మీద పాలీస్టైరీన్ ఫోమ్‌కు పనికొస్తుందని రాసి ఉందా లేదా. మాటతో చెప్తే సరిపోదు, రాసి ఉండాలి.

పాలిటెక్నిక్_కెమిస్ట్రీ (ఒంగోలు)
మేస్త్రీగారు చెప్పిన రెండో విషయమే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం. కొంచెం వివరంగా రాస్తాను.

కాంటాక్ట్ గమ్ములో ఉండేది ఎక్కువగా నియోప్రీన్ రబ్బరు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో 1930లో పుట్టిన కృత్రిమ రబ్బరు ఇది. దాన్ని ద్రవంగా చేయడానికి టోలుయిన్, హెక్సేన్, అసిటోన్, ఎంఈకే లాంటి సాల్వెంట్లలో, అంటే కరిగించే ద్రవాల్లో, కలుపుతారు. మామూలు కాంటాక్ట్ గమ్ములు, ఫెవికాల్ ఎస్ఆర్ 998 సహా, ఈ కోవలోవే. మైకా అతికించడానికి బ్రహ్మాండంగా ఉంటాయి.

ఎక్స్‌పీఎస్ అయినా థర్మోకోల్ అయినా పదార్థం ఒకటే, పాలీస్టైరీన్. తయారీలోనే తేడా. థర్మోకోల్ గింజలు ఉబ్బి అతుక్కున్నది. ఎక్స్‌పీఎస్ కరిగించి నురగగా నెట్టినది. థర్మోకోల్ మీద పెట్రోలు చుక్క వేస్తే గుంట పడటం అందరూ చూసే ఉంటారు. టోలుయిన్, అసిటోన్ అంతకన్నా వేగంగా తింటాయి. అందుకే ఫోమ్‌కు పనికొచ్చే గమ్ములో పాలీస్టైరీన్‌ను కరిగించని సాల్వెంట్లు వాడతారు, లేకపోతే నీళ్ల ఆధారంగా చేస్తారు.

అదే మీ ఫోమ్ పీయూఎఫ్, అంటే గట్టి పాలీయూరిథేన్ ఫోమ్ అయ్యుంటే ఈ భయం చాలావరకు ఉండేది కాదు. అది ఈ సాల్వెంట్లకు అంత తేలిగ్గా లొంగదు. కాబట్టి ఎవరైనా "నేను ఫలానా గమ్ము కొట్టాను, ఏమీ కాలేదు" అంటే ముందు అడగాల్సింది ఏ ఫోమ్ మీద కొట్టారు అని.

కొన్నాక కూడా ఒక చిన్న ముక్క మీద కొట్టి చూడండి. వెంటనే కరగకపోతే అయిపోలేదు. ఎఫ్ఆర్‌పీ ముక్కతో అతికించి ఒక రోజు ఉంచి, తర్వాత ఎండలో పెట్టి, ఆపైన లాగి విప్పండి. ఫోమే చిరిగి ఎఫ్ఆర్‌పీకి అంటుకుని వస్తే అతుకు బాగున్నట్టు. గమ్ము శుభ్రంగా విడిపోయినా, ఫోమ్ పైపొర మెత్తబడి గుంటలు కనిపించినా ఆ గమ్ము వద్దు.

ఫ్లెక్స్‌షాపు_ఒంగోలు
మేం ఎగ్జిబిషన్లకు, పెళ్లి స్టేజీలకు ఫోమ్ బోర్డులు అతికిస్తాం. చిన్న పనికి డబ్బా స్ప్రే చాలు. త్రీఎం 78 పాలీస్టైరీన్ కోసమే చేసినది. ఒక జాగ్రత్త, డబ్బా స్ప్రేలో గమ్మును బయటికి నెట్టే గ్యాసు కూడా కొన్నిసార్లు ఫోమ్‌ను తింటుంది. దగ్గరగా పట్టుకుని ఒకేచోట కొడితే మంచి గమ్ముకు కూడా గుంట పడొచ్చు. ఆరేడు అంగుళాల దూరం ఉంచి, చెయ్యి ఆపకుండా లాగాలి.

అన్న చెప్పే బాక్సుకు మాత్రం డబ్బాలు చాలవు, ఖర్చు కూడా ఎక్కువ. గన్నే మేలు.

జువ్వలదిన్నె_బండి
సార్, మేస్త్రీ అన్నా, చాలా థాంక్స్. నాది నీలం రంగు ఎక్స్‌పీఎస్సే. నీళ్ల ఆధారంగా చేసిన గమ్ము అంటే అది తెల్ల ఫెవికాల్ లాంటిదే కదా, మరి ఆరదు కదా?

పాలిటెక్నిక్_కెమిస్ట్రీ
మంచి ప్రశ్న. తేడా ఏమిటంటే, తెల్ల ఫెవికాల్‌ను తడిగా ఉండగానే మూసేస్తాం. కాంటాక్ట్ గమ్మును రెండు వైపులా పూసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే కలుపుతాం. నీళ్లు ఉన్నా సాల్వెంట్ ఉన్నా కలపకముందే గాలిలోకి పోవాలి. త్రీఎం ఫాస్ట్‌బాండ్ 30ఎన్ఎఫ్ లాంటివి ఆ రకం, నిప్పు అంటుకునే భయం కూడా ఉండదు. ఆరడానికి మాత్రం ఎక్కువ సేపు పడుతుంది, వానాకాలంలో మరీను.

కార్పెంటర్_కందుకూరు
మైకా పని ఎక్కువగా చేస్తాను కాబట్టి అతికించే పద్ధతి చెప్తాను. ఇక్కడే పని చెడేది.

ముందు గరుకు చెయ్యాలి. ఎక్స్‌పీఎస్ పైన నున్నటి పొర ఉంటుంది, దాని మీద గమ్ము పట్టు తక్కువ. 80 నంబరు ఎమరీ పేపరుతో తేలిగ్గా రుద్దితే చాలు. ఎఫ్ఆర్‌పీ వెనకవైపు కూడా రుద్దాలి, దాని మీద అచ్చు నుంచి వచ్చిన మైనం ఉండొచ్చు. ఎఫ్ఆర్‌పీని అసిటోన్‌తో తుడవొచ్చు, ఫోమ్‌ను మాత్రం పొడి బ్రష్‌తోనే దులపాలి. ఆ గుడ్డ పొరపాటున ఫోమ్ మీద పెట్టారో, అక్కడ గుంటే.

గమ్ము రెండు వైపులా. ఒకసారి అడ్డంగా, ఆరాక ఇంకోసారి నిలువుగా. ప్లై గమ్మును పీల్చేస్తుంది కాబట్టి దానికి రెండు కోట్లు తప్పవు. అంచుల్లో రెండంగుళాల వెడల్పున ఇంకాస్త దట్టంగా కొట్టండి, ఊడటం ఎప్పుడూ అంచులోనే మొదలవుతుంది.

ఆరిందా లేదా చూడటానికి వేలి కణుపు ఆనించండి. జిగటగా పట్టుకోవాలి గానీ గమ్ము వేలికి రాకూడదు. గోరు పెట్టి గీరినా తీగలు సాగకూడదు. అప్పుడే కలపాలి. తొందరపడి ముందే మూస్తే సాల్వెంట్ లోపల చిక్కుకుంటుంది. ఎఫ్ఆర్‌పీ గుండా అది బయటికి పోలేదు. బండి ఎండలో నిలబడగానే అదే ఆవిరై బుడగలుగా లేస్తుంది.

కలిపాక జరపడం కుదరదు, తాకిన చోట అంటుకుపోతుంది. అందుకని ముక్కాలు అంగుళం కరెంటు పైపు ముక్కలు అడుగుకొకటి చొప్పున ఫోమ్ మీద పరిచి, వాటి మీద షీటు పెట్టండి. ఆరిన గమ్ము గమ్ముకే అంటుకుంటుంది, పైపుకు అంటుకోదు. అంచులు సరిచూసుకుని మధ్యలో పైపు మొదట లాగి, మధ్య నుంచి బయటికి నొక్కుకుంటూ పోవాలి. ఒక చివర నుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు, రెండు చివర్ల నుంచి మాత్రం వద్దు, మధ్యలో గాలి చిక్కుతుంది.

ఆ తర్వాత రోలర్. ఈ గమ్ముకు బరువు ఎంతసేపు పెట్టామన్నది కాదు, ఎంత గట్టిగా నొక్కామన్నది లెక్క. రాత్రంతా సిమెంటు బస్తా పెట్టడం కన్నా మూడంగుళాల రబ్బరు రోలర్‌తో ఒళ్లు బరువంతా వేసి ఒకసారి దొర్లించడం మేలు.

ఐస్‌డిపో_అల్లూరు
నాదొక వేరే మాట. ఇంత కష్టం దేనికి? కోల్డ్ రూములకు వాడే రెడీ పీయూఎఫ్ ప్యానెళ్లు దొరుకుతాయి. రెండు రేకుల మధ్య ఫోమ్‌ను ద్రవంగా పోసి అక్కడే ఉబ్బిస్తారు, అదే గమ్ములా రేకుకు పట్టేస్తుంది. విడిగా గమ్ము పూసే పనే లేదు. అదే మందానికి ఎక్స్‌పీఎస్ కన్నా చల్లదనం బాగా ఆపుతుంది.

లెక్క చూడండి. మీ బాక్స్ ఆరు ముఖాలూ కలిపి 128 చదరపు అడుగులు, అంటే సుమారు 12 చదరపు మీటర్లు. బయట 40 డిగ్రీలు, లోపల 5 అనుకుంటే 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ గుండా 280 వాట్ల దాకా వేడి వస్తుంది. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. అంటే గోడల వల్లే గంటకు మూడు కిలోల ఐస్. పీయూఎఫ్ అయితే రెండు కిలోల చిల్లర.

ఆటోనగర్_మేస్త్రీ
అన్నా, మీ లెక్క సరే. కానీ రెడీ ప్యానెల్ రేకు ఉప్పు నీళ్లకు కోసిన అంచు దగ్గర తుప్పు పడుతుంది, సముద్రం పక్క బండికి అది చిన్న విషయం కాదు. పైగా తమ్ముడు సామాను కొనేశాడు. గంటకు ఒక కిలో ఐస్ తేడా కోసం కొన్న సామాను పక్కన పడేయమని నేను చెప్పలేను.

ఐస్‌డిపో_అల్లూరు
ఒప్పుకుంటాను. గోడల కన్నా చేపకే ఎక్కువ ఐస్ పోతుందనేది కూడా నిజమే. వంద కిలోల చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించాలంటేనే ముప్పై కిలోలకు పైగా ఐస్ కరుగుతుంది. కాబట్టి బాక్స్ ఎంత బాగున్నా రేవులో ఐస్ తక్కువ వేసుకుంటే లాభం లేదు. తలుపు సందుల నుంచి పోయే చల్లదనం నా లెక్కలో లేదు, అది ఎక్కువే ఉంటుంది.

జువ్వలదిన్నె_బండి
ధైర్యం వచ్చింది. ఇంకొక సందేహం. మూలల్లో ప్యానెళ్లు కలిసే చోట ఫైబర్ మ్యాట్ వేసి రెసిన్ పూద్దామనుకుంటున్నాను, మా రేవులో పడవలకు చేసినట్టు. నీళ్లు లోపలికి పోకుండా. సరేనా?

పడవల_ఎఫ్ఆర్‌పీ (కృష్ణపట్నం)
ఆగన్నా! పడవలకు వాడేది పాలియెస్టర్ రెసిన్. అందులో స్టైరీన్ ఉంటుంది. అది ఎక్స్‌పీఎస్‌ను తాకితే వెన్నలా కరిగిస్తుంది. గమ్ము విషయంలో ఇంత జాగ్రత్త పడి మూలల్లో ఈ రెసిన్ పోస్తే కష్టమంతా వృథా. బయటికి ఏమీ కనపడదు, లోపల ఫోమ్ అంచంతా ఖాళీ అయిపోతుంది.

మ్యాటే వెయ్యాలంటే ఎపాక్సీ రెసిన్ వాడు. అది పాలీస్టైరీన్‌ను ఏమీ చెయ్యదు. ఖరీదు ఎక్కువే, కానీ నీకు కావల్సింది మూలల వరకే. ఒక మాట, ఎపాక్సీకి వాడే గ్లాసు గుడ్డ విడిగా అడుగు. పాలియెస్టర్‌కు వాడే మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే పొడి స్టైరీన్‌లో కరిగేలా చేసి ఉంటుంది, ఎపాక్సీతో ఆ మ్యాట్ సరిగ్గా తడవదు. నేసిన గుడ్డ అయితే ఇబ్బంది లేదు.

ఆటోనగర్_మేస్త్రీ
పడవల అన్న చెప్పింది బంగారం లాంటి మాట.

ఇప్పుడు నేల సంగతి. ఎక్స్‌పీఎస్ నిలువు బరువుకు భయపడదు, మంచి రకం చదరపు మీటరుకు ఇరవై టన్నులు మోస్తుంది. బరువు కాదు సమస్య, ఈడ్చడం. నిండు క్రేట్లు లోపలికి తోస్తారు, బయటికి లాగుతారు. ప్రతిసారీ పై షీటు ఫోమ్ మీద జరగాలని చూస్తుంది. కాంటాక్ట్ గమ్ము ఎంత ఆరినా రబ్బరే, ఒకేవైపు లాగుతూ ఉంటే కొద్దికొద్దిగా సాగుతుంది. వేడికి ఇంకా ఎక్కువ. తలుపు కూడా అంతే, దాని బరువంతా కబ్జాల దగ్గర వేలాడుతుంది.

మా దగ్గరికి రిపేరుకు వచ్చిన ఒక బండిలో గోడలు చెక్కు చెదరలేదు, నేల షీటు మాత్రం తలుపు వైపు అంగుళం జరిగిపోయి, ఆ సందులోంచి చేప నీళ్లు ఫోమ్ కిందికి చేరాయి. విప్పితే వాసనకు నిలబడలేకపోయాం. కట్టినవాళ్లు నేలకు కూడా అదే గమ్ము కొట్టారు.

నేలకు, తలుపుకు ఎపాక్సీ గానీ పీయూ (పాలీయూరిథేన్) గమ్ము గానీ పెట్టు. పీయూ గమ్ము గాలిలో తేమతో గట్టిపడుతుంది. ఎఫ్ఆర్‌పీ, ఎక్స్‌పీఎస్ మధ్య తేమ ఉండదు కాబట్టి ఒకవైపు గమ్ము పూసి, రెండోవైపు నీళ్లు పొగమంచులా చిలకరించి మూయాలి. అది ఉబ్బి షీటును పైకి లేపుతుంది, కాబట్టి ఇక్కడ మాత్రం సిమెంటు బస్తాలు పరిచి గట్టిపడేదాకా కదపకూడదు. కార్పెంటర్ అన్న చెప్పిన రోలర్ పద్ధతి దీనికి పనికిరాదు. నేల ఫోమ్ మధ్యలో రెండు మూడు టేకు బద్దలు కూడా పెట్టు, పై షీటూ కింద ప్లై రెండూ వాటికి పట్టుకుంటాయి.

కొత్తపట్నం_తీరం
మా ఇంట్లో చేపల వ్యాపారం నడిపేది నేనే, బాక్సు కడిగేదీ నేనే. కాబట్టి నా మాట కూడా వినండి తమ్ముడూ. గమ్ము ఎంత మంచిదైనా నీళ్లు లోపలికి పోతే అంతే. లోపల మేకు గానీ స్క్రూ గానీ ఒక్కటి కూడా కొట్టొద్దు. ప్రతి చిల్లూ నీళ్లకు దారే. నేల తలుపు వైపు కాస్త వాలు ఉండాలి, మూలన ఒక నీటి గొట్టం, దానికి మూత. గొట్టం ఫోమ్ గుండా పోయే చోట చుట్టూ ఎపాక్సీ నింపించండి, ఎక్కువగా అక్కడే కారుతుంది. మూలలు గుండ్రంగా చేయిస్తే బ్రష్ అందుతుంది. నిలువు మూలల్లో పొలుసు ఇరుక్కుంటే ఎంత బ్లీచింగ్ వేసినా వాసన పోదు.

ఇంకొకటి, గమ్ము వాసన పూర్తిగా పోయేదాకా తలుపు తెరిచి ఎండనివ్వండి. కొత్త బాక్సులో వేసిన రొయ్యకు గమ్ము వాసన పట్టిందంటే బేరం మళ్లీ రాదు.

జువ్వలదిన్నె_బండి
అక్కా, ఈ చిల్లుల మాట నా బుర్రకు తట్టనే లేదు. హుక్కులు అన్నీ బయట ఫ్రేముకే పెడతాను. ఈ వారంలోనే గమ్ము పని పెట్టుకుందామని ఉంది. మధ్యాహ్నాలు ఉక్క, సాయంత్రం మబ్బు పడుతోంది. పర్లేదా?

పాలిటెక్నిక్_కెమిస్ట్రీ
మబ్బు పట్టిన సాయంత్రం వద్దు. సాల్వెంట్ వేగంగా ఆవిరైతే గమ్ము పొర చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద మంచులా నీళ్లు పట్టి గమ్ము తెల్లగా మసకేస్తుంది. చూడటానికి ఆరినట్టే ఉంటుంది, నొక్కితే పట్టదు. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో ఇది మామూలే. మసక కనిపిస్తే ఫ్యాను పెట్టి పూర్తిగా పోయేదాకా ఆగి, పల్చగా ఇంకో కోటు కొట్టి కలపండి.

అలాగని రోహిణి కార్తె ఎండలో బయట కొట్టినా తప్పే. గమ్ము గన్ను నుంచి వెళ్లే దారిలోనే ఆరిపోయి సాలెగూడు పోగుల్లా పడుతుంది, ఉపరితలానికి పట్టదు. పొద్దున తొమ్మిది పది గంటలకు, నీడలో, గాలి ఆడే చోట చేసుకోండి.

సాల్వెంట్ గమ్ము అయితే దాని ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. దూరంగా ఉన్న పొయ్యికి కూడా పాకి మంట లాక్కొస్తుంది. బీడీ, దోమల బ్యాటు, స్విచ్ వేయడం, ఏదైనా చాలు. కంప్రెసర్ మోటారు బయట దూరంగా పెట్టి పైపు లాక్కోండి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. హెక్సేన్ ఎక్కువకాలం పీలిస్తే కాళ్లు చేతుల నరాలు దెబ్బతింటాయి. మంట అంటుకోని రకం అని అమ్మే కొన్నింటిలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది, మూసిన గదిలో అది ప్రాణాలు తీస్తుంది, పైగా పాలీస్టైరీన్‌ను కూడా కరిగిస్తుంది. ముఖ్యంగా, నాలుగు గోడలు నిలబెట్టాక బాక్సు లోపల కూర్చుని ఎవరూ గమ్ము కొట్టొద్దు. ప్యానెళ్లు విడిగా బల్ల మీద పూర్తి చేసి, తర్వాతే నిలబెట్టండి.

ఉలవపాడు_తోట
నేను మామిడి కాయల బండికి ఇలాంటిదే అనుకుంటున్నాను. కప్పుకు ఏ రంగు వేస్తే మంచిది?

ఆటోనగర్_మేస్త్రీ
తెలుపు, వేరే ఆలోచన వద్దు. ముదురు రంగు కప్పు మన మే ఎండకు 65, 70 డిగ్రీలకు పోతుంది. మామూలు కాంటాక్ట్ గమ్ము మెత్తబడటం మొదలయ్యేది ఆ దరిదాపుల్లోనే, ఎక్స్‌పీఎస్ ఓర్చుకునేది కూడా 75 దాకానే. అయినా మామిడికి ఐస్ పెట్టరు కదా. మీకు గాలి ఆడే బండి కావాలి. వేరే టాపిక్ పెట్టండి, అక్కడ రాస్తాను.

కార్పెంటర్_కందుకూరు
గన్ను సంగతి ఎవరూ చెప్పలేదు. పని ఆపిన వెంటనే, టీకి వెళ్లే ముందు కూడా, ఆ గమ్ముకు చెప్పిన థిన్నర్‌తో నాజిల్ కడగాలి. నియోప్రీన్ ఒకసారి లోపల గట్టిపడితే సూది పెట్టి పొడిచినా రాదు.

జువ్వలదిన్నె_బండి
అందరూ చెప్పినట్టే ఫోమ్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసిన స్ప్రే గ్రేడు గమ్మే తెచ్చాను. ముక్క మీద కొట్టి, ఎఫ్ఆర్‌పీతో అతికించి, ఎండలో పెట్టి లాగాను. ఫోమే చిరిగి వచ్చింది, గుంటలు లేవు. రెండు పక్క గోడలు మేడ మీద రేకుల కింద బల్ల వేసుకుని పూర్తి చేశాం. పైపు ముక్కల పద్ధతి చాలా బాగా పనిచేసింది కార్పెంటర్ అన్నా, మా తమ్ముడికీ నాకూ ఒక్క మిల్లీమీటరు కూడా జరగలేదు. నేలకు పీయూ గమ్ము, టేకు బద్దలు రేపు తెస్తున్నాను. తలుపు చుట్టూ రబ్బరు బీడింగు ఎలాంటిది పెట్టాలి?

కొత్తపట్నం_తీరం
లోపల బోలుగా ఉండే మెత్తటి బీడింగు తీసుకోండి, రెండు వరసలు. నూనె, చేప కొవ్వు తగిలినా పాడవని రకం అడగండి. దాన్ని గమ్ముతో మాత్రమే కాకుండా గాడిలోకి దూరేలా పెట్టించండి, అరిగినప్పుడు లాగి కొత్తది వేసుకోవచ్చు.

ఆటోనగర్_మేస్త్రీ
అక్క చెప్పిందే. తలుపు మూశాక సందులో కాగితం పెట్టి లాగు. తేలిగ్గా వస్తే ఆ చోట కబ్జా గానీ గొళ్లెం గానీ సరిచెయ్యాలి. నేల ప్యానెల్ బస్తాలు తీసేముందు ఒక ఫొటో పెట్టు తమ్ముడూ, అంచుల్లోంచి గమ్ము ఎంత బయటికి ఉబ్బిందో చూసి చెప్తాను.